సిరలో జల్లెడ

హైదరాబాదు రోడ్డు మా నందిగామ, జగ్గయ్యపేటల మీదుగానే పోతుంది. ప్రమాదంలో కాలు విరిగి మంచం పట్టినవారు మాకు కొత్తకాదు. అలా కదలక పడుకున్నవారి కాలిసిరలో నెత్తురు గడ్డకట్టవచ్చు. అది ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణగండమే.

గడ్డకట్టనీయని మందే దీనికి మొదటి చికిత్స. రక్తస్రావం వల్ల ఆ మందు ఇవ్వరానివారికి కడుపులోని పెద్దసిరలో గొడుగుఊచల వంటి తీగె సాధనం అమరుస్తారు. డాక్టర్లు ఫిల్టరంటారు, తెలుగు పంతులును గనుక నేను జల్లెడంటాను. అవసరం తీరాక దీన్ని తీసివేయవచ్చు.

మందు పడేవారికీ జల్లెడ పెడితే ఇంకా మంచిది కాదా? ఫ్రాన్సులో 399 మందిపై జరిపిన పరీక్షలో అదనపు లాభమేమీ కనిపించలేదని 2015లో తేలింది. లోపలే వదిలేస్తే తీగె విరగవచ్చు, సిరను గుచ్చవచ్చు. అవసరం తీరగానే తియ్యమని అమెరికా ప్రభుత్వ ఔషధసంస్థ 2010లోనే హెచ్చరించింది.

మీ ఇంట ఎవరికైనా పెడితే, ఎప్పుడు తీస్తారో డాక్టరుగారిని ఆనాడే అడిగి, క్యాలెండరులో గుర్తుపెట్టుకోండి.