ఒకే మొహం... లక్షల ప్రతులు

నాజీ జర్మనీలో యూదుల వేట తుపాకులతో మొదలవలేదు. అంతకు చాలా ముందే పత్రికల్లో బొమ్మలు మొదలయ్యాయి.

వీధి మలుపుల్లో, బస్సుల కోసం జనం నిలబడే చోట ఎర్ర రంగు పూసిన నోటీసు పెట్టెలు ఉండేవి. వాటిలో 'డెర్ స్టూర్మర్' వారపత్రిక తాజా సంచిక అంటించేవారు. డబ్బు పెట్టి కొనక్కర్లేదు, ఓపిగ్గా చదవక్కర్లేదు, మొదటి పేజీలో బొమ్మ చూస్తే చాలు. వంకర ముక్కు, ఉబ్బిన కళ్లు, వేలాడే పెదవి. బ్యాంకు యజమానిదీ, డాక్టరుదీ, పశువుల బేరగాడిదీ అదే మొహం. పేజీ అడుగున ప్రతి వారం ఒకటే నినాదం: 'యూదులే మన దౌర్భాగ్యం'.

ఒకప్పటి బడిపంతులు జూలియస్ స్ట్రైఖర్ 1923లో న్యూరెంబర్గ్‌లో ఈ పత్రిక పెట్టాడు. 1925 చివర్లో 'ఫిప్స్' పేరుతో గీసే ఫిలిప్ రుప్రెక్ట్ చేరాక కార్టూనే దానికి ప్రాణమైంది. 1927లో వేలల్లోనే ఉన్న అమ్మకాలు 1935 నాటికి 5 లక్షలకు చేరువయ్యాయి. 1933లో జర్మనీ జనాభాలో యూదులు నూటికి ఒక్కరు కూడా లేరు. ఒక్క యూదుణ్నీ ఎరగని ఇళ్లలోకి ఆ బొమ్మే ముందుగా చేరింది. చిన్నపిల్లలనూ వదల్లేదు. 1938లో వచ్చిన పిల్లల పుస్తకం 'విషపు పుట్టగొడుగు'కు బొమ్మలు వేసింది కూడా ఫిప్సే.

కోర్టులో గెలిచినా...

బెర్లిన్ పోలీసు శాఖలో రెండో స్థానంలో ఉన్న బెర్న్‌హార్డ్ వైస్ యూదుడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఐరన్ క్రాస్ పతకం పొందిన సైనికాధికారి. నాజీ నేత గోబెల్స్ 1927లో మొదలెట్టిన 'డెర్ అంగ్రిఫ్' పత్రిక ఆయనకు 'ఇసిడోర్' అని ఎగతాళి పేరు తగిలించి, కార్టూనిస్టు హన్స్ ష్వైట్జర్ చేత అదే పనిగా కార్టూన్లు వేయించింది. వైస్ కేసుల మీద కేసులు వేసి గెలిచాడు. కానీ కోర్టు తీర్పులు జనం నోట నానిన ఆ పేరును చెరపలేకపోయాయి. 1933లో ఆయన దేశం విడిచి పారిపోవాల్సి వచ్చింది.

రెండో ప్రపంచయుద్ధం వచ్చాక లండన్, వాషింగ్టన్, మాస్కోల వెనక ఉండి ఆడించేది ఆ వంకర ముక్కు మొహమేనన్నాయి కార్టూన్లు. యూదులను రైళ్లకెక్కించి తూర్పుకు తరలిస్తున్నా బొమ్మలు ఆగలేదు. సామూహిక హత్యల సంగతి తెలిసీ స్ట్రైఖర్ ద్వేషం రాయించాడని తేల్చిన న్యూరెంబర్గ్ న్యాయస్థానం 1946లో అతనికి ఉరిశిక్ష వేసింది. ఫిప్స్ మాత్రం 1950లోనే జైలు నుంచి బయటికొచ్చాడు.

కార్టూనిస్టు మంత్రిని వెక్కిరించవచ్చు, ప్రధానిని ఏకిపారేయవచ్చు. అది వాళ్లు చేసిన పనికి జవాబు. ఒక జాతి మొత్తానికీ ఒకే మొహం తగిలించినప్పుడు మాత్రం అక్కడ విమర్శ ఉండదు, వేటకు గుర్తు పెట్టడమే ఉంటుంది. అలాంటి బొమ్మ ఏ భాషలో, ఏ జాతి మీద కనబడినా నవ్వి ఊరుకోకూడదు. తప్పని అప్పుడే, పైకే అనాలి.