రెండేండ్ల నర్సింగు పట్టము: ఎవరికి, ఎట్లు?

పల్లెలో ఎవరైన తిక్కతిక్కగా మాటలాడినచో “వీనిని ఎర్రగడ్డకు పంపవలె”నని నవ్వుట మనకు అలవాటు. ఎర్రగడ్డ హైదరాబాదులో ఒక పేట. అమీర్‌పేట దాటి పడమరగా పోవు రోడ్డుమీద నున్నది. అక్కడ మానసిక చికిత్సాలయ మొకటి, దానికి కొద్ది దూరములో ఛాతీ ఆస్పత్రి యొకటి కలవు. రెండును ప్రభుత్వమువే. ఈ నవ్వు వలన తమ గ్రామమున ఒక సంబంధము ఆగిపోయినదని ఒక సర్పంచిగారు మాకు ఉత్తరము వ్రాసిరి.

వారి గ్రామములో జి.ఎన్.ఎం. పూర్తిచేసి, ఒక ప్రైవేటు నర్సింగు హోములో మూడేండ్లుగా పనిచేయుచున్న అమ్మాయి కలదు. పట్టభద్రురాలు కావలెనని ఆమె కోరిక. చదువులో భాగముగ కొన్ని వారములు ఎర్రగడ్డ ఆస్పత్రిలో ఉండవలసి వచ్చునని తెలిసి పెండ్లివారు వెనుకకు తగ్గిరి. అదే వీధిలో రసాయనశాస్త్రముతో బి.ఎస్సీ. చదివిన మరియొక అమ్మాయి కలదు. అమీర్‌పేటలో ఒక కార్యాలయమువారు ఒక్క సంవత్సరములో నర్సింగు పట్టము ఇప్పింతుమని చెప్పగా, ఆమె తండ్రి ఎకరము పొలము తాకట్టు పెట్టుటకు సిద్ధపడినాడు. “ఈ యిద్దరికిని పంచాయతీ ఏమి చెప్పవలెను?” అని సర్పంచిగారి ప్రశ్న. ఇటువంటి ప్రశ్న మరి కొన్ని గ్రామములలోను ఉండి యుండును గావున సమాధానమును ఇక్కడ వివరముగా ఇచ్చుచున్నాము.

ముందుగా పొలము సంగతి చూతము, ఏలయన అది తొందరపడవలసినది. ఒక్క యేడాది నర్సింగు పట్టమను మాట పూర్తిగా గాలిలో పుట్టినది కాదు. అమెరికాలో మరియొక శాస్త్రములో పట్టము పొందినవారికి వేగముగా నర్సింగు పట్టమిచ్చు పద్ధతి కలదు. 1971లో సెయింట్ లూయీ విశ్వవిద్యాలయము దీనిని ప్రారంభించినది. అక్కడ శరీర నిర్మాణము, సూక్ష్మజీవశాస్త్రము, గణాంకశాస్త్రము వంటి పాఠములు ముందే చదివి వచ్చినవారికి సుమారు పండ్రెండు మొదలు పదునెనిమిది మాసములలో పట్టము చేతికి వచ్చును. పిదప ఆ దేశపు లైసెన్సు పరీక్ష వేరుగా నెగ్గవలెను. అమెరికాలో నున్న మన బంధువులు ఈ సంగతి చెప్పుట, అది ఊరికి వచ్చునప్పటికి హైదరాబాదులోనే దొరకునదిగ మారుట జరుగుచున్నది.

మన దేశములో అట్టి చదువు లేదు. నర్సింగు విద్యకు ప్రమాణములు నిర్ణయించునది 1947 నాటి చట్టము క్రింద ఏర్పడిన భారత నర్సింగు మండలి. ఆ మండలి లెక్కలో వేరొక బి.ఎస్సీ. పట్టమునకు నర్సింగులో తగ్గింపు ఏమియు లేదు. రసాయనశాస్త్రము చదివిన అమ్మాయి నర్సు కావలెనన్న మొదటి మెట్టు నుండియే ఎక్కవలెను. ఇంటర్మీడియెట్‌లో జీవశాస్త్రము, భౌతిక, రసాయన శాస్త్రములు, ఇంగ్లీషు చదివి, 45 శాతము మార్కులు (షెడ్యూల్డు కులములు, తెగలవారికి 40 శాతము) వచ్చియున్నచో నాలుగేండ్ల బి.ఎస్సీ. నర్సింగునకు అర్హురాలు. ఆమె ఇంటర్మీడియెట్‌లో చదివినది లెక్కలైనచో ఆ ద్వారము మూసినట్లే. అప్పుడు మిగిలినది మూడేండ్ల జి.ఎన్.ఎం.; మండలి నిబంధనల ప్రకారము దానికి 35 ఏండ్ల వయసు వరకు ప్రవేశము కలదు. ఒక్క యేడాదిలో ఇచ్చు కాగితము ఎంత మెరుగుగ అచ్చు వేసినదైనను దానితో రాష్ట్ర నర్సింగు మండలిలో పేరు నమోదు కాదు. పేరు నమోదు కానిదే ఆమె నర్సు కాదు. ఈ సంగతి ఆ తండ్రికి పొలము పత్రములు ఇల్లు దాటకముందే చెప్పవలెను.

ఇక మొదటి అమ్మాయి సంగతి. ఆమెకు నిజముగనే దగ్గర దారి యున్నది. దాని పేరు పోస్టు బేసిక్ బి.ఎస్సీ. నర్సింగు, కాలము రెండేండ్లు. జి.ఎన్.ఎం. చదివి, పనిచేసి చేయి తిరిగినవారిని మరల మొదటి సంవత్సరము విద్యార్థులతో కూర్చుండబెట్టుట వ్యర్థమను ఆలోచనతో ఇది పుట్టినది. దేశములో నాలుగేండ్ల నర్సింగు పట్టము 1946లో ఢిల్లీలోను, వెల్లూరులోను మొదలైనది. ఈ రెండేండ్ల పద్ధతి 1963లో తిరువనంతపురములో ఆరంభమైనది.

దగ్గర దారి యన్న మాటలో ఒక మెలిక కలదు. జి.ఎన్.ఎం. మూడేండ్లు, దానిపై ఇది రెండేండ్లు, వెరసి ఐదు. నేరుగ బి.ఎస్సీ. నర్సింగులో చేరినచో నాలుగే. కావున ఈ యేడు ఇంటర్మీడియెట్ జీవశాస్త్రముతో నెగ్గిన పిల్లకు “ముందు జి.ఎన్.ఎం. చేయుము, తరువాత రెండేండ్లది చూతము” అని సలహా చెప్పుట ఒక సంవత్సరము పోగొట్టుటయే. ఇంటిలో సంపాదన వెంటనే కావలసి, నాలుగేండ్లు ఆగలేని కుటుంబమునకు మాత్రము జి.ఎన్.ఎం. తరువాత కొంతకాలము పనిచేసి, చేతిలో కొంత కూడిన పిదప పట్టమునకు పోవుట సహేతుకమే. మన సర్పంచిగారి ఊరి అమ్మాయి చేసినది అదే.

ఈ చదువునకు తెలంగాణలో ప్రవేశములు జరుపునది వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయము. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయము. ప్రకటన సంవత్సరమునకు ఒకసారి వెలువడును. ఎంపిక పద్ధతి, కళాశాలల జాబితా, ఫీజు, గడువు అన్నియు ఆ యేటి ప్రకటనలోనే యుండును; నిరుటి ప్రకటనను నమ్మి ఈ యేడు కూర్చున్నవారు మోసపోవుదురు. ఏ కళాశాలకైనను మూడు చూడవలెను: రాష్ట్ర ప్రభుత్వ అనుమతి, విశ్వవిద్యాలయ అనుబంధము, భారత నర్సింగు మండలి ఆ సంవత్సరమునకు ప్రకటించిన జాబితాలో పేరు. ఉద్యోగము విడువలేనివారికి ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమువారు మూడేండ్ల కాలముతో ఇదే పట్టము ఇచ్చుచున్నారు, దానికి జి.ఎన్.ఎం. తరువాత రెండేండ్ల పని అనుభవము కావలెను.

దరఖాస్తులు నిలిచిపోవుట సాధారణముగ చదువు లోపము వలన కాదు, కాగితముల లోపము వలన. జి.ఎన్.ఎం. నెగ్గినంత మాత్రమున చాలదు. నర్సుగాను, మిడ్‌వైఫ్‌గాను రాష్ట్ర మండలిలో నమోదైన పత్రము ఉండవలెను. మన పిల్లలు అనేకులు కర్ణాటకకు పోయి జి.ఎన్.ఎం. చదివి వచ్చుచున్నారు. వారు అక్కడి మండలి నుండి నిరభ్యంతర పత్రము తెచ్చుకొని ఇక్కడ తిరిగి నమోదు కావలెను. ఇది వారము దినములలో తెమలు పని కాదు. ప్రకటన వెలువడిన తరువాత మొదలుపెట్టినవారు ఆ యేటికి ఆశ వదలుకొనవలసినదే. స్థానికత నిరూపించుటకు ఆరవ తరగతి మొదలు ఇంటర్మీడియెట్ వరకు చదివిన పాఠశాలల నుండి ధ్రువపత్రములు కావలెను. మూతపడిన ప్రైవేటు బడిలో చదివినవారు మండల విద్యాధికారి కార్యాలయము చుట్టు తిరుగవలసి యుండును. పదవ తరగతి పత్రములో ఒక తీరున, ఆధారులో మరియొక తీరున పేరున్నచో, పెండ్లి తరువాత ఇంటిపేరు మారినచో, ముందే సరిచేసికొనవలెను. మరియొక చిక్కు కలదు: కొందరు యజమానులు నర్సుల అసలు పత్రములను తమ బీరువాలో దాచియుంచి, పని మానుదుమన్నను ఇవ్వరు. అట్టిచోట ఒంటరి పిల్ల అడుగుటకంటె సర్పంచి, ఇద్దరు సభ్యులు వెంట పోయి అడుగుట వేరుగ నుండును. పంచాయతీ చేయగల సహాయములలో ఇది చిన్నది కాదని మా అభిప్రాయము.

డబ్బు విషయమున పొలము మాట మరల వచ్చును. విద్యా ఋణము 4 లక్షల రూపాయల వరకు బ్యాంకులు ఆస్తి తాకట్టు అడుగరాదు. తల్లి గాని తండ్రి గాని కలిసి సంతకము చేయవలెను. ఊరి వడ్డీ వ్యాపారి గడప తొక్కుటకు ముందు బ్యాంకు గడప తొక్కుడని చెప్పవలెను.

సీటు వచ్చువరకు చేతులు కట్టుకొని కూర్చుండ నక్కరలేదు. పాఠములు, పరీక్షలు ఇంగ్లీషులో నుండును. తెలుగు మాధ్యమములో చదివినవారు దినమునకు ఒక గంట జి.ఎన్.ఎం. పుస్తకములనే ఇంగ్లీషులో పైకి చదువుట మంచి అభ్యాసము. లెక్కలు మరచినవారు మందు మోతాదు లెక్కలు తిరిగి చేయవలెను. ఉదాహరణకు, 500 మిల్లీలీటర్ల సెలైను 4 గంటలలో ఎక్కవలెను. మిల్లీలీటరుకు 20 చుక్కలు పడు గొట్టము. నిమిషమునకు ఎన్ని చుక్కలు? 500ను 20తో హెచ్చించి 240 నిమిషములతో భాగించిన సుమారు 42. ఇది కాగితము, కలము లేక చెప్పగలిగిన పిల్ల వార్డులో తడబడదు. ఇంకొకటి: హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులు. మొదటిది వేసిన నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది. సూది, రక్తము నడుమ పనిచేయువారికి ఇది తప్పనిసరి రక్షణ. చేరుదినమున మొదలుపెట్టిన ఆరు నెలలు రక్షణ కొరవడి యుండును. కావున ఇంతవరకు వేయించుకొననివారు దరఖాస్తుకు ముందే మొదలుపెట్టవలెను.

రెండేండ్ల చదువులో మొదటి యేడు చాలవరకు తెలిసిన దారియే: మెడికల్ సర్జికల్ నర్సింగు, ప్రసూతి, శిశు సంరక్షణ, పోషకాహారము, సూక్ష్మజీవశాస్త్రము, మనస్తత్వశాస్త్రము. రెండవ యేడు క్రొత్త బరువు పడును: సామాజిక ఆరోగ్యము, మానసిక ఆరోగ్యము, బోధన, పరిపాలన, పరిశోధన, గణాంకములు. జి.ఎన్.ఎం.లో చేయి తిరిగినవారుకూడ గణాంకముల దగ్గర తడుముకొందురు. మానసిక ఆరోగ్యము చదువునప్పుడే విద్యార్థినులు ఎర్రగడ్డకు పోవుదురు. హైదరాబాదు చుట్టుపట్ల నర్సింగు కళాశాలల నుండి పిల్లలు బారులుగా అక్కడికి శిక్షణకు వచ్చుట అలవాటైన దృశ్యమే.

అచ్చట వారు నేర్చునదేమి? మాత్ర చేతిలో పెట్టి పోవుట కాదు, మింగినదాక నిలబడి చూచుట. కోపముతో నున్న మనిషి ముందు గొంతు పెంచక మాటలాడుట. ఆత్మహత్య తలంపు ఉన్నదా యని సూటిగా, నెమ్మదిగా అడుగుట. అడిగినంత మాత్రమున ఆ తలంపు పుట్టదని తెలిసికొనుట. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2018 మే 29 నుండి అమలులో నున్నది. దాని ప్రకారము రోగిని ఏ రూపముననైనను గొలుసులతో బంధించుట నిషిద్ధము. మన ఊళ్లలో పశువుల కొట్టములో కట్టివేయబడిన మనుష్యులను చూచినవారికి ఈ నియమపు విలువ తెలియును.

ఎర్రగడ్డ పల్లెకు ఎంత దగ్గరయో తెలుపుటకు రెండు సంఘటనలు చాలును. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు, ఆల్ప్రజోలం, డయాజెపాం వంటి మత్తు మందులు కలిపిన కల్లుకు అలవాటుపడిన కూలీలు, రైతులు అది దొరకక వణకుచు, మూర్ఛలు పోవుచు నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతముల ఆస్పత్రులకును, ఎర్రగడ్డకును చేరిరి. 2020 మార్చిలో లాక్‌డౌనుతో దుకాణములు మూతపడగానే ఎర్రగడ్డలో మరల అదే రద్దీ. త్రాగుడు హఠాత్తుగ ఆగిన రెండు మూడు దినములకు వణకు, చెమటలు, లేనివి కనబడుట కలుగును, కొందరికి ప్రాణాపాయము. ఊరిలో దానిని గాలి సోకుట యని మంత్రగాని యొద్దకు కొనిపోవుదురు. ఎర్రగడ్డ వార్డులో నాలుగు వారములు ఉన్న నర్సు దానిని గడపలోనే గుర్తించును. అట్టివానికి గ్లూకోజు ఎక్కించుటకు ముందు థయామిన్ ఇవ్వవలెననియు ఆమెకు తెలియును.

2018లో కేంద్ర ప్రభుత్వము 1,50,000 ఉపకేంద్రములు, ప్రాథమిక కేంద్రములను ఆరోగ్య కేంద్రములుగ మార్చ సంకల్పించినది. 2023 నుండి వాటికి ఆయుష్మాన్ ఆరోగ్య మందిరములని పేరు. తెలంగాణ పల్లె దవాఖానాలలో శిక్షణ పొందిన నర్సులకును స్థానము కలదు. పట్టమున్నవారికి నర్సింగు పాఠశాలలలో బోధన, ఆ పైన ఎం.ఎస్సీ. దారులు తెరచుకొనును. విదేశములకు పోదలచినవారు అమీర్‌పేట బోర్డులను చూచుటకంటె ముందు రాష్ట్ర ప్రభుత్వ సంస్థయైన టామ్‌కామ్‌ను అడుగుట క్షేమము. అన్నట్లు, మానసిక బాధలో నున్నవారెవరైనను 14416 అను టెలి మానస్ నంబరుకు ఉచితముగ ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరు 10 నుండి ఇది పనిచేయుచున్నది. పంచాయతీ కార్యాలయపు గోడమీద ఈ నంబరు వ్రాయించిన బాగుండును.

మేము ఇంతయు సర్పంచిగారికి జాబుగా వ్రాసితిమి. మొన్న వారి రెండవ ఉత్తరము వచ్చినది. పొలము పత్రములు ఇంటి పెట్టెలోనే యున్నవట. రసాయనశాస్త్రపు అమ్మాయి ఇంటర్మీడియెట్ మార్కుల జాబితా వెదకించి చూడగా జీవశాస్త్రమే. నాలుగేండ్ల చదువునకు దరఖాస్తు ఆలోచించుచున్నది. మొదటి అమ్మాయి పెండ్లి మాట ఇంకను తేలలేదు. నర్సింగు హోమునుండి అసలు పత్రములు తెచ్చుటకు ఇద్దరు సభ్యులు వెంట పోయిరి. ఆమె హెపటైటిస్ టీకా మొదటి మోతాదు వేయించుకొన్నది. రెండవది వచ్చే నెల.