కర్పాల్ సింగ్: వాచ్‌మన్ కొడుకు, ఉరి కేసుల లాయరు

పోయిన ఎపిసోడ్‌లో కర్పాల్ సింగ్ పేరు వచ్చింది కదా, ఆయనెవరన్నా అని చాలామంది తమ్ముళ్లు అడిగారు. ఆడియోలో టైం చాలలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పుట్టింది 1940లో, పెనాంగ్‌లో. తండ్రి సిక్కు, వాచ్‌మన్ పని చేసేవాడు. మన సైట్ గేటు దగ్గర కూర్చునే మనిషిని ఒకసారి తలుచుకోండి. ఆ ఇంటి పిల్లాడు సింగపూర్‌లో లా చదివి 1969లో ప్రాక్టీసు మొదలుపెట్టాడు. మరుసటి ఏడాదే డీఏపీ పార్టీలో చేరాడు. 1978 నుంచి 1999 దాకా జెలుటోంగ్ ఎంపీ. అయినా నల్లకోటు విప్పలేదు.

ఆయన ఎక్కువ పోరాడింది డ్రగ్స్ కేసుల్లో. 1983లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన బార్లో, చాంబర్స్ అనే ఇద్దరు పెనాంగ్ ఎయిర్‌పోర్టులో హెరాయిన్‌తో దొరికారు. బార్లో తరఫున వాదించింది కర్పాలే. కేసు ఓడిపోయాడు. ఆస్ట్రేలియా ప్రభుత్వం బతిమాలినా 1986 జూలైలో ఇద్దరినీ ఉరి తీశారు. ఇక్కడి చట్టం ఎట్లుంటుందంటే, 15 గ్రాముల హెరాయిన్ దొరికితే చాలు, అమ్మడానికే తెచ్చావని ముందే అనుకుంటుంది. కాదని నువ్వే రుజువు చేసుకోవాలి. ఊరి నుంచి వచ్చేటప్పుడు ఎవరో ఇచ్చిన ప్యాకెట్ విప్పి చూడకుండా బ్యాగులో వేసుకునేవాళ్లు ఈ ముక్క రెండోసారి చదవండి. ఉరి వద్దని కర్పాల్ జీవితాంతం మొత్తుకున్నాడు. తప్పనిసరి ఉరి పోయింది మాత్రం 2023లో. ఇప్పుడు జడ్జి ఉరి వేయొచ్చు, లేదా జీవిత ఖైదు, బెత్తం దెబ్బలు.

1987లో ఐఎస్ఏ కింద ఆయన్నే లోపలేశారు. విచారణ అక్కర్లేని చట్టం అది. 1988 మార్చిలో కోర్టు వదిలేయమంది, కొన్ని గంటల్లోనే మళ్లీ పట్టుకున్నారు! బయటికి వచ్చింది 1989లో. ఒకటి గుర్తుంచుకోండి: అరెస్టయినవాడు లాయర్‌ని కలవొచ్చని ఈ దేశ రాజ్యాంగం 5వ ఆర్టికల్‌లో ఉంది. అక్కడ రాసింది ప్రతి మనిషి అని, పౌరుడు అని కాదు. అంటే పర్మిట్ మీద వచ్చిన మనం కూడా.

2005లో కారు యాక్సిడెంట్ అయ్యాక వీల్‌చైర్‌లోనే కోర్టుకీ పార్లమెంటుకీ తిరిగాడు. పెరాక్ సుల్తాన్ నిర్ణయాన్ని కోర్టులో ప్రశ్నించొచ్చు అన్నందుకు రాజద్రోహం కేసు పెట్టి 2014లో 4,000 రింగిట్లు జరిమానా వేశారు. అప్పీలు నడుస్తుండగానే, ఏప్రిల్ 17న హైవే మీద ఇంకో యాక్సిడెంట్‌లో చనిపోయాడు. ఇంటివాళ్లు కేసు వదల్లేదు. 2019లో ఫెడరల్ కోర్టు ఆయన నిర్దోషి అని తీర్పిచ్చింది.