తొడుగుల మాటున చేతులు: దంతవైద్య సిబ్బంది రక్షణలో పంచాయతీల పాత్ర

గ్రామములో దంతవైద్య శిబిరము జరుగునప్పుడు పంచాయతీవారు చేయు ఏర్పాట్లు అందరికిని తెలిసినవే. ముందు దినము దండోరా వేయింతురు. పాఠశాలలో బల్లలు, కుర్చీలు సర్దింతురు. వచ్చిన రోగులకు నీడయు, త్రాగునీరును సమకూర్తురు. కాని ఉదయము మొదలు సాయంకాలము వరకు చేతులకు గ్లౌజులు, ముఖమునకు మాస్కు, ఒంటికి గౌను తొడిగికొని పనిచేయు సిబ్బందికి ఆ తొడుగుల వలననే కలుగు బాధలను గూర్చి ఆలోచించువారు అరుదు. ఆ బాధలు ఎట్టివి, వానిని నివారించుటకు పంచాయతీ చేయదగినది ఏమి అను విషయములను తెలుపుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

తొడుగులు ఎందుకు?

పుచ్చిన పంటిని వేగముగా తిరుగు యంత్రముతో తొలుచునప్పుడు అది వేడెక్కకుండుటకై నీటిని చిమ్ముదురు. ఆ నీటితోపాటు రోగి ఉమ్మియు, ఒక్కొక్కప్పుడు నెత్తురును సన్నని తుంపరలై గాలిలోనికి లేచును. వైద్యుని ముఖమును, సహాయకుని ముఖమును రోగి నోటికి మిక్కిలి చేరువగనే యుండును. కాలేయమును చెరచు హెపటైటిస్ బి వంటి వ్యాధులు నెత్తురు ద్వారాను, క్షయ, కోవిడ్ వంటివి గాలి ద్వారాను సోకగలవు. 1980 దశకమునకు పూర్వము అనేక దేశములలో దంతవైద్యులు ఉత్త చేతులతోనే పనిచేయుచుండిరి. ఎయిడ్స్ వ్యాధి బయటపడిన పిమ్మట ప్రతి రోగికిని క్రొత్త జత గ్లౌజులు వాడుట నియమమైనది. 2020 లో కోవిడ్ వ్యాపించినప్పటి నుండి ఎన్-95 మాస్కు, ముఖమునకు పారదర్శకమైన కవచము, ఒళ్లు కప్పు గౌను వీని వాడుక పెరిగినది.

గ్లౌజులు పుట్టినది చర్మము కొరకే

రబ్బరు గ్లౌజులు ఆసుపత్రులలోనికి వచ్చిన చరిత్ర గమనింపదగినది. 1889 ప్రాంతమున అమెరికా దేశములోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యుని వద్ద కరోలిన్ హాంప్టన్ అను నర్సు పనిచేయుచుండెను. సూక్ష్మజీవులను చంపుటకై నాడు వాడుచుండిన పాదరసపు మందునీరు పడక ఆమె చేతుల చర్మము చెడినది. హాల్‌స్టెడ్ ఆమె కొరకై గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీచే పలుచని తొడుగులు చేయించి యిచ్చెను. అవి రోగికిని రక్షణ యిచ్చునని గుర్తించుట ఆ తరువాతి మాట. ఒక ఉద్యోగిని చేతులను కాపాడుటకై వచ్చిన గ్లౌజులే నేడు జాగ్రత్త లేనిచోట చేతులకు బాధ కలిగించుచున్నవి.

చర్మబాధలు మూడు విధములు

మొదటిది ఒరుపు వలనను, తడి వలనను కలుగునది. దినమునకు అనేక పర్యాయములు సబ్బుతో కడుగుట, తడి ఆరకముందే గ్లౌజులు తొడుగుట, లోపల చెమట నిలుచుట అను కారణములచే చర్మము ఎండి, ఎఱ్ఱబడి, పగుళ్లు వారును. ఎక్కువమందికి వచ్చునది ఇదియే.

రెండవది రబ్బరు తయారీలో కలుపు రసాయనములు పడకపోవుటచే వచ్చునది. గ్లౌజులు వాడిన ఒకటి రెండు దినములకు చేతివెనుకను, మణికట్టునను దురదతో కూడిన పొక్కులు లేచును. కట్టుడుపళ్లకును, పంటి పూడికకును వాడు కొన్ని జిగురు ద్రవ్యములు పలుచని గ్లౌజుల గుండ దిగి ఇట్టి బాధనే కలిగింపగలవు. కావున అట్టి ద్రవ్యములను చేతితో ముట్టరాదు. అవి అంటిన గ్లౌజులను వెంటనే మార్చవలెను.

మూడవది రబ్బరుచెట్టు పాలలోని మాంసకృత్తులు పడకపోవుటచే వచ్చునది. ఇది కొలది నిమిషములలోనే బయటపడును. దద్దుర్లు, తుమ్ములు, కంటినుండి నీరుకారుట కలుగును. అరుదుగా ఊపిరి ఆడక ప్రాణాపాయమును సంభవింపవచ్చును. గ్లౌజుల లోపల చల్లు పొడి ఆ మాంసకృత్తులను గాలిలోనికి మోసికొనిపోవును. అందువలన అమెరికాలో పొడి చల్లిన వైద్య గ్లౌజులు 2017 జనవరి నుండి నిషేధింపబడినవి. ఈ బాధ కలవారికి పొడి లేని నైట్రైల్ గ్లౌజులు తగినవి. కాని నైట్రైల్ తయారీలోను రసాయనములు ఉండవచ్చును గనుక రెండవ విధమగు బాధ కలవారు చర్మవైద్యుని సలహా పొందవలెను.

ఇది సుకుమారుల సమస్య యని తేలికగా కొట్టివేయరాదు. పగిలిన చర్మము సూక్ష్మజీవులకు తెరచిన వాకిలి. చేతులు మండుచున్నవాడు వానిని కడుగుటకు వెనుదీయును. అట్టి చేతుల మీద సూక్ష్మజీవులు నిలిచి రోగులకును చేరును. కావున సిబ్బంది చర్మమును కాపాడుట గ్రామస్థులను కాపాడుటయే. పరికరములు కడుగు సహాయకులు, గది ఊడ్చువారు పని పోవునను భయముచే తమ బాధను దాచుకొనుట కలదు. వారినే ముందుగా విచారింపవలెను.

పాటింపవలసిన నియమములు

1. గోళ్లు పొట్టిగా నుంచవలెను. ఉంగరములు, గాజులు తీయవలెను. వాని క్రింద సబ్బును, తడియు నిలిచి చర్మమును చెరచును.

2. చేతులను వేడినీటితో కడుగరాదు. సబ్బుతో 40 నుండి 60 సెకండ్లు కడిగి, సబ్బు పోవునట్లు నీరు పోసికొని, మెత్తని గుడ్డతో అద్ది ఆరనీయవలెను. చేతులకు మురికి కంటికి కనబడనప్పుడు శానిటైజరు 20 నుండి 30 సెకండ్లు రుద్దుకొన్న చాలును. మాటిమాటికి సబ్బు వాడుటకంటె దానివలన చర్మము తక్కువగా ఎండును. చేతులు పూర్తిగా ఆరిన పిదపనే గ్లౌజులు తొడుగవలెను.

3. ఒకరికి వాడిన గ్లౌజులను కడిగి మరియొకరికి వాడరాదు. పరికరములను కడుగువారికి పలుచని గ్లౌజులు చాలవు, మందపువి ఇయ్యవలెను.

4. కొబ్బరినూనె, వాసెలిన్ వంటివి రబ్బరును బలహీనపరచును. వానిని పని ముగిసిన పిదప, రాత్రివేళ రాచుకొనవలెను. పని నడుమ జిడ్డు లేని లేపనము వాడవలెను.

5. మాస్కు ముఖమునకు సరిపోవునదై యుండవలెను. ముక్కుదూలము ఒరసికొనుచున్నదని దూదిని గాని, గుడ్డను గాని లోపల దూర్చినచో సందులు ఏర్పడి రక్షణ పోవును. తడిసిన మాస్కును మార్చవలెను. రోగులకు దూరముగా వచ్చి, నడుమనడుమ మాస్కు తీసి ముఖమునకు విశ్రాంతి నీయవలెను.

6. గౌను లోపలి చెమట ఆరదు గనుక మన ఎండకాలములో వడదెబ్బ భయము హెచ్చు. గౌను తొడుగుటకు ముందును, తీసిన పిదపను తగినంత నీరుగాని మజ్జిగగాని త్రాగవలెను. తలనొప్పి, కళ్లు తిరుగుట, కండరములు పట్టుట కనబడినచో వెంటనే తొడుగులు తీసి నీడకు చేర్పవలెను. స్పృహ తప్పినను, మాట తడబడినను ఒంటిని నీటితో చల్లబరచుచు 108 వాహనమును పిలువవలెను.

7. సిబ్బంది యావన్మందియు హెపటైటిస్ బి టీకాను మూడు మోతాదులు వేయించుకొనవలెను. మొదటి మోతాదు పిదప ఒక నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది వేయుదురు.

పంచాయతీ చేయదగినవి

శిబిరమునకు గాలియు, వెలుతురును ప్రసరించు గదిని ఎన్నుకొని పంకాలు ఏర్పాటు చేయవలెను. బకెట్టులో చెంబు ముంచు పద్ధతి గాక, కుళాయి గల తొట్టిని, సబ్బును, ఒక్కొక్క పర్యాయమే వాడదగిన శుభ్రమైన గుడ్డలను సమకూర్పవలెను. సిబ్బంది తొడుగులు తీసి నీరు త్రాగుటకు వేరొక గదిని గాని, తెరకట్టిన చోటును గాని చూపవలెను. ఎండకాలమున శిబిరమును ఉదయముననే పెట్టింపవలెను. విశ్రాంతివేళ వచ్చినప్పుడు “ఇంకొక పదిమందిని చూడుడు” అని ఒత్తిడి చేయరాదు.

వాడిన తొడుగుల మాట మిక్కిలి ముఖ్యము. 2016 సంవత్సరపు జీవవైద్య వ్యర్థముల నిర్వహణ నియమములు వైద్యశిబిరములకును వర్తించును. గ్లౌజులను ఎఱ్ఱ సంచిలోను, నెత్తురంటిన దూదిని, మాస్కులను పసుపు సంచిలోను, సూదులను గుచ్చుకొనని తెల్లని డబ్బాలోను వేసి శిబిరమువారే తీసికొనిపోవలెను. వానిని పంచాయతీ చెత్తబండిలో వేయనీయరాదు. వేసినచో ఆ సూది గుచ్చుకొనునది మన పారిశుద్ధ్య కార్మికుని చేతికే.

దంతవైద్య సిబ్బందిని గూర్చి చెప్పిన పై మాటలలో అనేకము ఆ కార్మికునికిని వర్తించును. అతడు గ్లౌజులు తీసివేసి పనిచేయుచున్నాడని మందలించుటకు ముందు, అవి అతని చేతికి సరిపోవుచున్నవా, లోపల చెమటతో చర్మము చెడుచున్నదా యని అడుగవలెను. ఒక జత తడిసినప్పుడు మార్చుకొనుటకు రెండవ జత గ్లౌజులు, బూట్లు ఉండవలెను. పని ముగిసిన పిదప కాలుచేతులు కడుగుకొనుటకు నీరు, సబ్బు గల చోటు ఉండవలెను. తొడుగులు కొని పద్దు వ్రాయుటతో పంచాయతీ బాధ్యత తీరదు. వానిని తొడిగినవాడు ఆరోగ్యముగా నున్నప్పుడే అవి రక్షణ యగును.

కావున సర్పంచులును, సభ్యులును రానున్న పంచాయతీ సమావేశమునకు పారిశుద్ధ్య కార్మికులను, ఆరోగ్య కార్యకర్తలను పిలిచి, వారి చేతులను చూచి, వారి మాటలు విని, పై ఏర్పాట్లపై తీర్మానము గావింతురుగాక.