సెల్లులో చూస్తే కండ రాదు, చూసి చేస్తే వస్తుంది



ఈ నెల గోడ పత్రికలో ఇంటర్నెట్‌ని ఉపయోగించుకుని ఒంటికి బలం ఎలా తెచ్చుకోవాలి అనే విషయం రాస్తున్నాను. హాస్టల్లో మన దగ్గర సెల్లు ఉండకూడదు. కానీ పండగ సెలవులకి ఇంటికి వెళ్తే అన్నయ్య సెల్లు, మామయ్య సెల్లు అందరం చూస్తాం. సిగ్నలు కోసం కొండ ఎక్కి మరీ చూస్తాం. బడిలో కంప్యూటర్ గది కూడా ఉంది. చూడటం ఎలాగూ చూస్తున్నాం కాబట్టి పనికొచ్చేది ఎలా చూడాలో తెలుసుకుందాం.

బలం మనకెందుకు?

మా ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగితే "కట్టెలు మోస్తాం, నీళ్ళు మోస్తాం, కొండెక్కి దిగుతాం, మళ్ళీ యేయామం ఏటి?" అంటారు. వాళ్ళ మాట నిజమే. వాళ్ళ పనే వాళ్ళకి వ్యాయామం. కానీ మనం హాస్టల్‌కి వచ్చాక ఆ పనులు పోయాయి. పొద్దున్నుంచి రాత్రి వరకు కూర్చునే ఉంటాం. క్లాసులో కూర్చుంటాం, స్టడీ అవర్‌లో కూర్చుంటాం.

ఇంకొక సంగతి. 2019-21లో దేశమంతా జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 100కి 59 మందికి రక్తం తక్కువగా ఉందని తేలింది. అంటే సగం కంటే ఎక్కువ. ప్రార్థన లైనులో కళ్ళు తిరిగి కూలబడేవాళ్ళు మనలోనూ ఉన్నారు కదా. రక్తం లేకపోతే కండ లేదు, కండ లేకపోతే ఆట లేదు. రేపు పోలీసు ఉద్యోగానికి వెళ్ళినా, అటవీ శాఖకి వెళ్ళినా పరుగో నడకో పరీక్ష పెడతారు.

"ఆడపిల్లకి కండలు వస్తే బాగోదు" అని కొందరు వెక్కిరిస్తారు. మన పక్కనున్న శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి గారు 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చారు. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. అప్పుడు ఎవరూ బాగోదు అనలేదు, దేశమంతా దండలు వేసింది.

యూట్యూబ్ చూసి ప్రపంచ విజేత అయినాయన

ఇంటర్నెట్ చూసి ఆట నేర్చుకోవడం కుదిరే పనేనా అంటారా? కుదిరింది. ఆఫ్రికా ఖండంలో కెన్యా అనే దేశం ఉంది. ఆ దేశం వాళ్ళు దూరపు పరుగులో పేరు పొందినవాళ్ళు. అక్కడ జూలియస్ యెగో అనే ఆయనకి మాత్రం ఈటె విసరడం మీద మనసు పడింది. దాన్నే జావెలిన్ త్రో అంటారు. నేర్పడానికి దగ్గరలో మంచి కోచ్ లేడు. అప్పుడాయన డబ్బులిచ్చి కంప్యూటర్ చూసుకునే షాపుకి వెళ్ళి యూట్యూబ్‌లో పెద్ద ఆటగాళ్ళు ఈటె ఎలా విసురుతున్నారో చూసేవాడు. చూసింది మైదానంలో చేసేవాడు.

2011లో ఆఫ్రికా దేశాల క్రీడల్లో బంగారు పతకం గెలిచాడు. తర్వాత ఫిన్లాండ్ దేశంలో శిక్షణ తీసుకునే అవకాశం వచ్చింది. 2015లో బీజింగ్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో 92.72 మీటర్లు విసిరి మొదటి స్థానం పొందాడు. 2016లో రియో ఒలింపిక్స్‌లో రజత పతకం వచ్చింది. లోకమంతా ఆయన్ని "మిస్టర్ యూట్యూబ్" అంటారు.

ఇందులో మనం గమనించాల్సింది ఏమిటంటే, ఆయన వినోదం కోసం చూడలేదు. ఒకే విషయం పట్టుకుని చూశాడు. చూసిన వెంటనే చేశాడు. తర్వాత కోచ్ దగ్గరికి కూడా వెళ్ళాడు. ఎందుకంటే వీడియో మనకి చూపిస్తుంది గానీ మనల్ని చూడదు. మన నడుము వంగిందో మోకాలు పక్కకి పోయిందో అది చెప్పలేదు. చెప్పడానికి పక్కన మనిషి ఉండాలి.

ఎలా వెతకాలి?

1. ప్రశ్న సరిగ్గా అడగాలి. "తొందరగా కండలు రావాలంటే" అని అడిగితే తొందరపెట్టే వాళ్ళే వస్తారు. "14 ఏళ్ళ ఆడపిల్లలకు బరువులు లేని వ్యాయామం" అని అడగాలి. టైపు రాకపోతే మైకు బొమ్మ నొక్కి తెలుగులో చెప్తే చాలు.

2. చెప్పేవాళ్ళు ఎవరో చూడాలి. డాక్టరా, కోచా, పేరు ఊరు ఉన్నాయా? చివరికి ఏదైనా కొనమంటున్నారా? కొనమంటే వాళ్ళకి మన బలం కంటే వాళ్ళ బేరం ముఖ్యం అని అర్థం చేసుకోవాలి.

3. ఒకచోట చూసింది ఇంకోచోట కూడా చూడాలి. రెండూ ఒకటే చెప్తే అప్పుడు నోటు పుస్తకంలో రాసుకోవాలి.

4. ఒకసారి "సన్నబడటం ఎలా" అని చూస్తే మర్నాడు నుంచి అన్నీ అవే వస్తాయి. మనం దేన్ని ఎక్కువసేపు చూస్తే అలాంటివే మళ్ళీ చూపించేలా దాన్ని తయారు చేశారు. కాబట్టి పనికిరానిది వస్తే వెంటనే దాటేయాలి. దాంట్లో కనబడే నడుములు, కండలు చాలావరకు లైట్లతోను, ఫోటోలు మార్చే యాప్‌లతోను చేసినవి. వాటితో మన ఒంటిని పోల్చుకుని ఏడవకూడదు.

5. మన ఫోటో, ఫోన్ నంబరు, బడి పేరు తెలియనివాళ్ళకి ఇవ్వకూడదు. "నీ ఫోటో పెట్టు, సలహా చెప్తా" అని ఎవరు అడిగినా మాట్లాడకుండా మూసేయాలి. ఇంట్లోగానీ మేడంకిగానీ చెప్పాలి.

డబ్బాలో పౌడర్లు

కండలు పెరగడానికి ప్రోటీన్ పౌడర్ తాగండి అని చాలా ప్రకటనలు వస్తాయి. మన హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. వాళ్ళు 2024 మే నెలలో భారతీయుల కోసం 17 ఆహార సూత్రాలు విడుదల చేశారు. అందులో ఒకటి, మాంసకృత్తులు రకరకాల ఆహారం కలిపి తినడం ద్వారా పొందాలి, కండల కోసం పౌడర్లు వాడటం మానుకోవాలి అని. ఆ పుస్తకం ఇంటర్నెట్‌లో డబ్బు లేకుండా దొరుకుతుంది. ప్రకటన నమ్మాలా, ఆ సంస్థని నమ్మాలా మీరే చెప్పండి.

మాంసకృత్తులు మన కంచంలోనే ఉన్నాయి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు ఉంటాయి. 100 గ్రాముల కందిపప్పులో 20 గ్రాములకి పైనే ఉంటాయి. వేరుశనగల్లోనూ అంతే. చోళ్ళలో, అంటే రాగుల్లో, ఎముకలకి కావలసిన కాల్షియం 100 గ్రాములకి 300 మిల్లీగ్రాములు దాటి ఉంటుంది. మన తాతల నాటి అంబలి అదే! హాస్టల్లో రాగిజావ పారబోసి, ఇంటికెళ్ళి సెల్లులో బలం కోసం వెతికితే ఏం లాభం?

వారానికి ఒకసారి ఇచ్చే నీలం రంగు మాత్ర రక్తం కోసం. అన్నం తిన్నాక వేసుకుంటే కడుపులో తిప్పడం తగ్గుతుంది. దాంతోపాటు టీ తాగితే ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. నిమ్మకాయ, ఉసిరికాయ తింటే బాగా పడుతుంది. కిటికీలోంచి మాత్ర విసిరేసే అక్కలు ఇది చదవాలి.

ఏం చేయాలి?

5 నుండి 17 ఏళ్ళ పిల్లలు సగటున రోజుకి 60 నిమిషాలు ఒళ్ళు వంచి ఆడాలని, అందులో వారానికి 3 రోజులు కండలకి, ఎముకలకి బలం ఇచ్చేవి చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. పరుగు, కబడ్డీ, ఖోఖో, తాడాట అన్నీ లెక్కే. థింసా కూడా లెక్కే. ఒక గంట థింసా ఆడితే తొడలు ఎలా పట్టేస్తాయో మనకి తెలుసు.

కండకి సోమ, బుధ, శుక్రవారాల్లో ఇవి చేయవచ్చు. వీడియోల్లో పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి గానీ పనులు మనకి తెలిసినవే.

స్క్వాట్స్: ఇవి బస్కీలు. మడమలు నేలకి ఆనించి, వీపు నిటారుగా ఉంచి 10 సార్లు.
పుషప్స్: ఇవి దండీలు. మొదట గోడకి చేతులు పెట్టి, 2 వారాల తర్వాత అరుగు మీద, ఆ తర్వాత నేల మీద 8 సార్లు.
ప్లాంక్: మోచేతులు, కాలి వేళ్ళ మీద చెక్కలా బిగిసి 15 సెకన్లు ఉండాలి. ఊపిరి బిగబట్టకూడదు.
మెట్లు: ఒక మెట్టు ఎక్కి దిగడం, ఒక్కో కాలితో 10 సార్లు.

ఇదంతా ఒక చుట్టు. ఒక నిమిషం ఆగి రెండో చుట్టు చేయాలి. ప్రతి వారం ఒకటి రెండు మాత్రమే పెంచాలి. ముందు 5 నిమిషాలు మెల్లగా పరిగెత్తి ఒళ్ళు వేడి చేసుకోవాలి. ఇద్దరిద్దరు జతగా చేస్తే ఒకరి తప్పు ఒకరు చూడవచ్చు. కండ నొప్పి రెండు రోజుల్లో పోతుంది. కీలు నొప్పి పుట్టినా, కళ్ళు తిరిగినా ఆపేసి ఏఎన్‌ఎం అక్కకి చెప్పాలి.

కండ పెరిగేది చేసేటప్పుడు కాదు, తర్వాత. పనిచేసి అలిసిన కండని ఒళ్ళు తిండితోను విశ్రాంతితోను బాగుచేసుకుంటూ కొంచెం గట్టిగా కడుతుంది. అందుకే ఒక రోజు చేసి ఒక రోజు వదలమన్నాను. మన వయసుకి 8 నుండి 10 గంటల నిద్ర కావాలి. సెలవుల్లో అర్ధరాత్రి దాకా వ్యాయామం వీడియోలు చూసేవాళ్ళకి నిద్రా లేదు, వ్యాయామమూ లేదు.

నోటు పుస్తకంలో తారీఖు వేసి ఎన్ని చేశామో రాసుకోవాలి. 2 నెలల తర్వాత మొదటి పేజీ తీసి చూసుకుంటే మన బలం మనకే కనిపిస్తుంది. అద్దం అక్కర్లేదు.

పెద్దలకు ఒక విన్నపం

వార్డెన్ మేడం గారూ, సెల్లు మాకు వద్దు. ఆదివారం ఒక్క అరగంట కంప్యూటర్ గది తెరిచి, పీఈటీ మేడం గారిని దగ్గర కూర్చోబెట్టి ఒక్క వ్యాయామం చూపించండి చాలు. చూసింది వారమంతా గ్రౌండులో చేస్తాం. సాయంత్రం గ్రౌండు ఎక్కువగా అబ్బాయిలదే అవుతోంది. వారానికి 3 రోజులు మాకు విడిగా ఒక గంట ఇప్పించండి. ఎవరూ చూసి నవ్వకపోతే సిగ్గుపడే చెల్లెళ్ళు కూడా వస్తారు.

చెల్లెళ్ళూ, అక్కలూ, సోమవారం ప్రార్థనకి ముందు వేపచెట్టు దగ్గరికి రండి. 10 బస్కీలతో మొదలుపెడదాం.

ఆరోగ్యమే మహాభాగ్యం!

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని