టూరిన్ ఇంజను, తణుకు చెరకు

పాత ఫియట్ కొనదలుచుకున్నవాళ్లు దాని రంగు చూసి మురిసిపోకూడదు. ఒక గోనెసంచి పరుచుకుని కారు కిందికి దూరాలి. తణుకులో ఏ పాత మెకానిక్కుని తీసుకెళ్లినా మొదట అనే మాట ఇదే: "ఇంజను ఎప్పుడైనా చేయించుకోవచ్చండి. అడుగు పోతే మాత్రం ఇక అంతేనండి."

ఆ మాట వెనక 1953 నాటి డిజైను ఉంది. ఆ ఏడాది జెనీవా మోటార్ షోలో ఇటలీలోని టూరిన్ కంపెనీ ఫియట్ తన కొత్త 1100ను చూపించింది. అప్పటిదాకా ఆ తరగతి ఫియట్లలో బరువంతా మోసేది కింద ఉండే ఉక్కు ఛాసిస్. బాడీ దాని మీద బిగించిన డబ్బా మాత్రమే. కొత్త 1100లో విడిగా ఛాసిస్ లేదు. నేల రేకు, తలుపుల కింది దూలాలు, స్తంభాలు, పైకప్పు అన్నీ వెల్డింగుతో ఒకే పెంకుగా మారి, కోడిగుడ్డులాగా బరువును ఒళ్లంతా పంచుకున్నాయి. కారు తేలికైంది, పెట్రోలు ఆదా అయింది. కానీ పెంకులో ఒక్కచోట తుప్పు తింటే ఆ భారం పక్కవాటి మీద పడుతుంది.

మన డెల్టాలో తుప్పుకు కావలసినవన్నీ ఉన్నాయి. కాలవ గట్ల మీద ప్రయాణం, వానాకాలంలో రోడ్డు మీద నిలిచే నీళ్లు, ఏడాదిలో ఎక్కువ నెలలు ఆరని గాలి. తలుపు కింద బోలుగా ఉండే దూలంలోకి చేరిన బురద లోపలే తడిగా ఉండిపోయి, రేకును లోపలినుంచి తింటుంది. బయటికి పొక్కు కనిపించేసరికి లోపల సగం పోయి ఉంటుంది. అమ్మేవాళ్లు నల్లటి తారు పూత కొట్టించి ఉంటే కంటికి ఏమీ తెలియదు. స్క్రూడ్రైవర్ పిడితో వరసగా తట్టి చూడాలి. గట్టి రేకు మోగుతుంది, పుచ్చిన చోట చప్పుడు మొద్దుబారుతుంది. ఇంకో పరీక్ష ఉంది: ఒక పక్క జాకీ పెట్టి ఎత్తి ఆ పక్క తలుపు తెరవండి. తలుపు పట్టేస్తే పెంకు ఒంగిపోయిందన్నమాట. ఆ బండికి దండం పెట్టి వచ్చేయడమే.

ఇంజను కథ ఇంకా పాతది. 1937లో ఫియట్ తెచ్చిన 508 సి కారు కోసం దాంతే జకోసా అనే యువ ఇంజనీరు బృందం దాన్ని రూపొందించింది. నాలుగు సిలిండర్లు, ఒక్కొక్కటి 68 మిల్లీమీటర్ల వెడల్పు, పిస్టన్ నడక 75 మిల్లీమీటర్లు. మొత్తం 1089 సీసీ. పోత ఇనుము బ్లాకు, దాని మీద అల్యూమినియం హెడ్డు. అల్యూమినియం వేడిని త్వరగా వదిలేస్తుంది, కానీ అదే వేడికి ఇనుము కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. రేడియేటర్‌లో నీళ్లు తగ్గిన సంగతి చూసుకోకుండా మే నెల మధ్యాహ్నం హైవే మీద తోలితే, ఆ రెండు లోహాల తగువులో మధ్యనున్న హెడ్ గ్యాస్కెట్ నలిగిపోతుంది. మన పెద్దవాళ్లు డిక్కీలో నీళ్ల డబ్బా లేకుండా బండి తీసేవారు కారు. అది చాదస్తం కాదు, ఇంజనీరింగు పరిజ్ఞానమే.

ఈ యంత్రం మనదాకా ఎలా వచ్చిందన్నది నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ బొంబాయి కుర్లాలో మొదట అమెరికన్ కార్లు బిగించేది, తర్వాత ఫియట్‌తో చేతులు కలిపింది. 1950లలో కేంద్ర ప్రభుత్వం, విడిభాగాలు ఇక్కడే తయారుచేయడానికి సిద్ధపడినవాళ్లకే కార్ల పరిశ్రమలో చోటు అంది. ఫోర్డ్, జనరల్ మోటార్స్ మూటా ముల్లె సర్దుకున్నాయి. ప్రీమియర్ నిలబడి 1100ను ముక్కముక్కగా మనదేశంలో తయారుచేయడం మొదలుపెట్టింది. కారు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి వచ్చిందని ఆ కాలాన్ని తిట్టుకుంటాం, నిజమే. కానీ పిస్టన్ రింగు నుంచి తలుపు పిడి దాకా మన ఊళ్లలో దొరకడానికి కారణమూ ఆ నియమమే. ఇటలీలో 1100 తయారీ 1969లో ఆగింది. ఇక్కడ 1960లలో డిలైట్ అని, తర్వాత ప్రీమియర్ ప్రెసిడెంట్ అని, 1974 నుంచి పద్మిని అని పేర్లు మార్చుకుంటూ 2000 దాకా వచ్చింది. పేరు ఏదైనా మనవాళ్లకు అది ఫియట్టే. బొంబాయిలో నలుపు పసుపు టాక్సీగా 2023 అక్టోబరు దాకా తిరిగింది.

అందుకే ఇవాళ్టికీ పద్మిని పొగ నీలంగా వస్తే గుండె గుభేలుమనక్కర్లేదు. నీలం పొగ అంటే ఇంజను ఆయిలు తాగుతోందని, చాలాసార్లు రింగులో, బోరో అరిగిందని. లేత్ షాపులో బోరు కొట్టించి ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తారు. ఇంకా అరిగితే స్లీవ్ దింపుతారు. చిన్నాచితకా సామాన్లు మన దగ్గర దొరక్కపోతే ఏలూరు దాటి విజయవాడ ఆటోనగర్ ఉండనే ఉంది.

ఇప్పుడు వచ్చిన కొత్త చిక్కు పెట్రోలుది, అందులో మన చెరకుకూ పాలుంది. తణుకు చక్కెర మిల్లుతో పెరిగిన ఊరు. ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ 1947లో నెలకొల్పిన ఆంధ్రా షుగర్స్ ఇక్కడిదే. చెరకు మడ్డి నుంచి, నూకల నుంచి, మొక్కజొన్న నుంచి తీసే ఇథనాల్ ఇప్పుడు బంకు పెట్రోలులో 20 శాతం ఉంటోంది. రైతుకు మంచిదే. కానీ ఇథనాల్ అణువులో బరువు లెక్కన మూడో వంతుకు పైగా ఆక్సిజనే. కొత్త కార్లలో సెన్సర్ పొగను పసిగట్టి ఆ మేరకు ఇంధనం పెంచుతుంది. కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు. ఇత్తడి జెట్‌లో రంధ్రం ఎంత ఉందో అంతే పోస్తుంది. మిశ్రమంలో ఇంధనం పాలు తగ్గి బండి లాగడం మానేస్తుంది, ఇంజను వేడెక్కుతుంది. ఇథనాల్ గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది. కాబట్టి పద్మిని కొన్న వారంలోనే పెట్రోలు గొట్టాలు, పంపు డయాఫ్రమ్ ఇథనాల్‌ను తట్టుకునేవి వేయించాలి, జెట్ ఒక సైజు పెద్దది పెట్టించి చూడాలి. వాడకుండా నెలల తరబడి నిలబెట్టేటప్పుడు ట్యాంకు, కార్బొరేటర్ ఖాళీ చేయాలి.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. 15 ఏళ్లు దాటిన కారుకు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ కొత్తది చేయించాలి. 20 ఏళ్లు దాటితే ఆ రుసుమును 2025లో 10,000 రూపాయలు చేశారు. 50 ఏళ్లు నిండినవాటికి 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ నంబరు తీసుకోవచ్చు, కానీ ఆ నంబరుతో రోజూ తిరగనివ్వరు. బజారుకు వెళ్లడానికే కొంటున్నవాళ్లు దాని జోలికి పోకపోవడం మేలు.

ఈ గొడవంతా ఎందుకు, పాత అందం, కొత్త యంత్రం రెండూ ఉన్న కారు కొనుక్కుంటే సరిపోదా అని కుర్రవాళ్లు అడుగుతారు. ఫియట్ దగ్గర అదీ ఉంది. జకోసా గీసిన బుల్లి 500 మార్కెట్లోకి వచ్చింది 1957 జూలై 4న. సరిగ్గా 50 ఏళ్లకు, 2007 జూలై 4న, అదే గుండ్రటి మొహంతో కొత్త 500 వచ్చింది. మరుసటి ఏడాది పోలండులో తయారైన కార్లను మనదేశానికి దిగుమతి చేశారు, 15 లక్షల రూపాయలకు అటూఇటూగా. చాలా కొద్దిమందే కొన్నారు. అప్పుడప్పుడు ఏదో నగరం నుంచి ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో అమ్మకానికి వస్తుంది.

దాని బానెట్ ఎత్తితే కనిపించేది 1248 సీసీ మల్టీజెట్ డీజిల్. ఒక్క పేలుడుకు కావలసిన డీజిల్‌ను ఒకేసారి కుమ్మరించకుండా అనేక చిన్న విడతలుగా, వెయ్యి బార్లకు మించిన ఒత్తిడితో చిమ్మడం దాని ప్రత్యేకత. అందుకే పాత డీజిళ్ల గడగడ అందులో తక్కువ. ఈ ఇంజనునే మారుతి మనదేశంలో తయారుచేసి స్విఫ్ట్‌లో, డిజైర్‌లో పెట్టింది. టాటా ఇండికా విస్టాలోనూ అదే. రాజమండ్రి స్టేషన్ బయట నిలబడిన డిజైర్ డీజిల్ టాక్సీల డ్రైవర్లందరికీ దాని గుణం తెలుసు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక మారుతి దాన్ని ఆపేసినా, తెలిసిన చేతులు ఊరూరా ఉన్నాయి.

500లో ఇబ్బంది పెట్టేది ఆ ముద్దొచ్చే ఒళ్లే. హెడ్‌లైటు, బంపరు, తలుపు అద్దం, వెనక గాజు ఏదీ ఇక్కడ తయారు కాలేదు. ఆటో తగిలి పగిలిన లైటు కోసం విదేశాల నుంచి తెప్పించుకోవాలి, సుంకం కట్టాలి, వారాలు ఆగాలి. అలాంటి కారు కళ్లబడితే ఇంజను చప్పుడు వినకముందే ఒక పని చేయండి: ఒక్క హెడ్‌లైటు ఎంతకు, ఎన్నాళ్లకు వస్తుందో ఫోను చేసి కనుక్కుని, ఆ మొత్తాన్ని బేరంలోంచి తగ్గించమని అడగండి.