బెండలో పల్లాకు తెగులు – కిరణజన్య సంయోగక్రియపై ప్రభావం

కాంతి చర్య, నిష్కాంతి చర్యల గురించి మీరు ఇదివరకే చదివారు. ఒక వైరస్ ఈ రెండింటినీ ఎలా దెబ్బతీస్తుందో బెండ పంటలో చూద్దాం. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో ఉన్నవారు దగ్గర్లోని బెండ మడిలో ఈ లక్షణాలను వెతికి చూడవచ్చు.

తెగులు సోకిన ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. ఈనెలు పసుపు రంగు వలలా కనిపిస్తాయి. వాటి మధ్య భాగం మొదట్లో పచ్చగానే ఉంటుంది. ఇనుము లోపిస్తే ఇందుకు పూర్తిగా భిన్నం: లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి, మధ్య భాగం పసుపుబారుతుంది. ఈ తేడా తెలియక పల్లాకుకు యూరియా వేస్తే డబ్బు పోతుంది, పచ్చదనం మాత్రం తిరిగి రాదు.

ఈనెలే ముందు ఎందుకు పసుపుబారతాయి? ఈ బిగోమోవైరస్‌ను తెల్లదోమ మోసుకొస్తుంది. దోమ పోషక కణజాలం నుంచి రసం పీల్చేటప్పుడు వైరస్ అక్కడ చేరి, కణ కేంద్రకాల్లో తన డీఎన్ఏ ప్రతులను తయారు చేయించుకుంటుంది. దీనికి తోడుగా బీటాశాటిలైట్ అనే చిన్న డీఎన్ఏ ఉంటేనే తెగులు లక్షణాలు పూర్తిగా బయటపడతాయి.

తెగులు ముదిరేకొద్దీ హరితరేణువుల్లో థైలకాయిడ్ పొరల అమరిక చెదిరి, పత్రహరితం తగ్గుతుంది. పసుపు రంగు కొత్తగా పుట్టినది కాదు. పత్రహరితం తగ్గడంతో అంతకుముందే ఉన్న కెరోటినాయిడ్ల రంగు పైకి తేలుతుంది. ఎలక్ట్రాన్ల ప్రవాహం మందగించి ఏటీపీ, ఎన్ఏడీపీహెచ్ తగ్గుతాయి. అవి చాలకపోతే కాల్విన్ వలయం కుంటుపడుతుంది. విద్యార్థులు తరచు మరచిపోయే విషయం ఇంకొకటి ఉంది. పోషక కణజాలమే దెబ్బతింటే, తయారైన కాస్త చక్కెర కూడా కాయకు సరిగా చేరదు. అందుకే కాయలు చిన్నవై, పాలిపోయి, పీచుబారతాయి.

తెగులు ఎప్పుడు సోకిందన్నది చాలా ముఖ్యం. శాస్త్రి, సింగ్‌ల 1974 నాటి పరిశీలనలో మొలకెత్తిన 20 రోజుల్లోపు సోకితే నష్టం 94 శాతం వరకు ఉంది. 50 రోజులకు సోకితే 84, 65 రోజులకు సోకితే 49 శాతం. లేత మొక్కకు ఇంకా తగినంత ఆకు విస్తీర్ణం ఏర్పడకపోవడం ఈ తేడాకు ఒక కారణం కావచ్చు. సోకిన మొక్కను నయం చేసే మందు లేదు. కనుక తొలిదశలోనే అలాంటి మొక్కలను పీకేయాలి, తెల్లదోమను అదుపు చేయాలి. అర్కా అనామిక వంటి రకాలను ఈ తెగులును తట్టుకునేందుకే రూపొందించారు, అయితే చాలాచోట్ల ఆ శక్తి సడలింది.

కృత్యం: ఒకే వయసున్న ఆరోగ్యమైన ఆకును, తెగులు సోకిన ఆకును సాయంత్రం కోయండి. వేడినీటి గిన్నెలో ఉంచిన స్పిరిట్‌లో వాటి రంగు తీసి, కడిగి, అయోడిన్ వేయండి. స్పిరిట్‌ను నేరుగా మంటపై పెట్టకూడదు. నీలి నలుపు రంగు ఏ ఆకులో ఎక్కడెక్కడ వచ్చిందో పటం గీసి, కారణం రాయండి.